ఒంటికి సుఖం, చేతికి కష్టం

బట్ట ఎంత సుఖంగా ఉందో చెప్పేటప్పుడు కట్టుకునేవారి ఒంటినే చూస్తాం, నేసేవారి ఒంటిని లెక్కలోకి తీసుకోం. ఇది సగం లెక్కేనని తెలుగు నేత చరిత్రే చెబుతుంది. చీరాల తేలియా రుమాలునే తీసుకోండి. ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. బూడిదలోని క్షారం వల్ల నూనె నీటిలో కలిసి నూలులోకి ఇంకుతుంది. అప్పుడు ఎరుపు రంగు పత్తికి గట్టిగా పడుతుంది, నూలూ మెత్తబడుతుంది. ఎండలో తలను చల్లగా ఉంచుతుందన్న పేరుతో ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు వెళ్లాయి. కట్టుకునేవారి సుఖం కోసం ఏ ప్రయోగశాలా లేకుండానే ఇంత పరిశోధన జరిగింది.

నేసే ఇంటి ఆడవాళ్ల భుజం నొప్పి మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 20వ శతాబ్దంలో పోచంపల్లి, పుట్టపాక ప్రాంతాల్లో స్థిరపడిన చిటికి నేతలో (నూలుకు ముడులు కట్టి రంగు అద్ది నేసే పద్ధతి), రంగు అద్దకముందు పేక నూలును మేకుల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే బాధ చూసి 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. అది 1999లో పూర్తయింది. అదే లక్ష్మీ ఆసు యంత్రం. చీర ఆసు గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

యంత్రం వస్తే అది చేనేత ఎలా అవుతుందని అడిగేవారున్నారు. ఆసు నేతకు ముందు పని. చిటికి కట్టడం, మగ్గం నడపడం ఇప్పటికీ చేతి పనులే. చీర అందం పుట్టేదీ అక్కడే. ఆసు పోసే కూలి పోతుందన్న అభ్యంతరం ఇంకొంచెం బరువైనది. కూలికి పోసేవాళ్లకు ఆ నష్టం నిజమే. కానీ ఈ పనిలో ఎక్కువ భాగం ఇంటి ఆడవాళ్లు కూలి లేకుండా చేసిన చాకిరీ. భుజం అరిగిపోయే పనిని కాపాడటం కళను కాపాడటం కాదు.

మల్లేశం లాంటివారి పనిని ముందుకు తీసుకెళ్లడానికి కందిలోని హైదరాబాద్ ఐఐటీ లాంటి చోట్లున్నాయి. అక్కడ డిజైన్ విభాగం ఉంది, యంత్రాలున్నాయి, చదువుకున్న చేతులున్నాయి. అలాంటి చోట కొత్త బట్ట ఎంత చల్లగా ఉందో కొలిచే ప్రతి పరిశోధకుడూ దాన్ని తయారుచేసిన మనిషి నడుము, భుజం, కన్ను ఎలా ఉన్నాయో కూడా కొలవాలి. ఆ రెండో కొలత లేని పరిశోధన సుఖాన్ని పెంచదు, కష్టాన్ని ఒకరి మీంచి ఇంకొకరి మీదికి తోస్తుంది.