కూటశాసనాలు: రాగిరేకు నుంచి ఫోన్ తెర దాకా

హనుమకొండ వేయిస్తంభాల గుడికి వచ్చినవాళ్లు నల్లరాతి నందిని చూస్తారు, స్తంభాల నునుపు మీద చెయ్యి వేసి మురిసిపోతారు. శాసనం దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ. 1163లో కాకతి రుద్రదేవుడు వేయించిన శాసనమది. తాను ఎవరెవరిని గెలిచాడో, ఏ దేవుళ్లను నిలిపాడో, గుడి ఖర్చులకు ఏ ఊరిని ఇచ్చాడో అందులో చెప్పుకున్నాడు. ఆ గెలుపుల కన్నా అది నిలిచిన చోటే నన్ను ఎక్కువగా ఆపుతుంది. గుడికి వచ్చే పదిమంది కళ్ల ముందు ఉంటుంది. చదవడం రానివాడికి పక్కవాడు చదివి చెప్పొచ్చు.

ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ మాట కూడా రాతి మీదే, ఓడలు దిగే ఊళ్లోనే.

రాగిరేకుల సంగతి వేరు. దానం పుచ్చుకున్న కుటుంబం వాటిని పెట్టెలో దాచుకునేది, తగాదా వచ్చినప్పుడే బయటికి తీసేది. నలుగురి కంటా పడవు కాబట్టి దొంగ శాసనాలు పుట్టించడానికి అవే వీలుగా ఉండేవి. వాటికి మన పెద్దలు పెట్టిన పేరు కూటశాసనాలు. ఈ బెడద ఎంత పాతదంటే, కూటశాసనం పుట్టించినవాడికి మరణదండన వేయాలని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఉంది. 1901లో జె.ఎఫ్. ఫ్లీట్ ఇలాంటి దొంగ శాసనాలను పోగుచేసి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో జాబితాగా అచ్చువేశాడు. ఆయనలాంటి శాసన పరిశోధకులు వీటిని పట్టుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. చెప్పిన ఏడాదికి ఆ లిపి ఇంకా పుట్టి ఉండదు. తిథికీ వారానికీ పొత్తు కుదరదు. తాత పేరు మనవడి చోట ఉంటుంది. రాజముద్ర ఎంత ఘనంగా ఉన్నా పరిశోధకుడు దాన్ని చూసి తగ్గడు, మిగతా లెక్కలు చూస్తాడు.

ఇప్పుడు కూటశాసనం వాట్సాప్‌లో వస్తోంది. మీ పేరుతో వెళ్లిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయనో, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో నల్లధనం తిరిగిందనో మోసగాళ్లు మొదలుపెడతారు. వీడియోలో ఖాకీ చొక్కా, వెనక గోడకు జాతీయ చిహ్నం. ఆ వెంటే పీడీఎఫ్ వారెంటు. ఫ్లీట్ చూసినట్టు చూస్తే అదీ దొరికిపోతుంది: ఒకే కాగితం మీద సీబీఐ, ఈడీ, రిజర్వు బ్యాంకు ముద్రలు కలిసి ఉంటాయి, ‘పరిశీలన’కు డబ్బు పంపమనేది మాత్రం ఎవరిదో ప్రైవేటు ఖాతాకి. కానీ ఆ గడియలో మనిషికి అంత తీరిగ్గా చూసే తెరిపి ఇవ్వరు. కెమెరా ఆపొద్దు, గది దాటొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్తే వాళ్లనూ కేసులో ఇరికిస్తాం అంటారు. రాగిరేకును పెట్టెలో దాచినట్టు మనిషినే గదిలో దాచేస్తారు.

చదువుకున్నవాళ్లూ, వ్యాపారంలో తలపండినవాళ్లూ ఇందులో పడ్డారు. 2024లో వర్ధమాన్ గ్రూపు ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్‌కు 82 ఏళ్ల వయసులో నకిలీ సుప్రీంకోర్టు విచారణే చూపించారు. ప్రధాన న్యాయమూర్తిగా ఒకడు నటించాడు. 7 కోట్ల రూపాయలు పోయాయి. 2025లో హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులను సుప్రీంకోర్టు పేరిట పుట్టించిన దొంగ ఉత్తర్వులతో దోచుకున్నారు. దాంతో కోర్టే అక్టోబరులో ఈ వ్యవహారాన్ని తనంతట తాను విచారణకు తీసుకుంది. తన పేరు మీదే కూటశాసనం వెలువడితే ఏ రాజు ఊరుకుంటాడు?

ఇలా వీడియో కాల్‌లో మనిషిని కట్టిపడేయడాన్ని వాళ్లు ‘డిజిటల్ అరెస్టు’ అంటారు. మన చట్టంలో ఆ మాటే లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ చూడండి: మనిషి తనంతట తాను లొంగిపోతే తప్ప, అరెస్టు చేసే పోలీసు అతని ఒంటిని తాకాలి, లేదా కదలకుండా పట్టుకోవాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. అరెస్టు కాగితం మీద కుటుంబసభ్యుడో, ఆ వాడలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలంది. ఇప్పుడది కొత్త సంహిత 36వ సెక్షన్‌లో ఉంది. హాజరు కమ్మనే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో అదే కోర్టు చెప్పింది. నిజమైన అరెస్టుకు సాక్షి కావాలి. దొంగ అరెస్టుకు సాక్షే గండం. ఎవరికీ చెప్పొద్దు అన్న మాట చెవిన పడగానే ఫోన్ పెట్టేసి పక్కింటి తలుపు తట్టండి అని నేను కనబడిన ప్రతి పెద్దాయనకూ చెప్తున్నది అందుకే.

అవతలి గొంతు తెలుగులో పలికితే మనవాడే అనుకుని మెత్తబడతాం. ఆ గొంతు వెనకా ఒక కథ ఉండొచ్చు. డేటా ఎంట్రీ కొలువులని ఆశపెట్టి మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ బంధించి, ఇలాంటి మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. వాళ్లకు పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండదు. వాళ్లనూ ఒక గదిలోనే పెట్టారు.

డబ్బు పోయాక సిగ్గుతో నోరు మూసుకునేవాళ్లను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే అప్పుడు ప్రతి నిమిషమూ లెక్కే. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తే సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు దూకుతున్న దారిలోనే బ్యాంకులు ఆపగలవు. ఆపిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు.

2024లో హైదరాబాద్‌లోని ఒక స్టేట్ బ్యాంకు శాఖకు ఒక పెద్ద వయసు వైద్యుడు వచ్చాడు. డిపాజిట్లు రద్దుచేసి సొమ్మంతా వేరే ఖాతాకు పంపాలన్నాడు. ఆయన కంగారు చూసి సిబ్బంది ఎందుకని అడిగారు. సొంత అవసరమన్నాడు. వాళ్లు వదల్లేదు, లావాదేవీ చేసేది లేదన్నారు, మళ్లీ మళ్లీ అడిగారు, చివరికి 1930కి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చారు. ఆయన సొమ్ము ఆయన ఖాతాలోనే ఉండిపోయింది.