గడప దగ్గరి ఆట: యూరోపియన్ కప్ అర్హత రౌండ్ల పుట్టుపూర్వోత్తరాలు

యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్. దాని పాత పేరు యూరోపియన్ కప్. 1955లో అది మొదలైనప్పుడు అర్హత రౌండ్లు లేవు. పారిస్ క్రీడాపత్రిక లెకిప్‌లో పనిచేసే గాబ్రియేల్ ఆనో ఆలోచన నుంచి పుట్టిన ఆ పోటీకి 16 క్లబ్బులను పిలిచారు. పిలుపు అందితే అర్హత ఉన్నట్టే. ఇంగ్లండ్ విజేత చెల్సీ తమ లీగ్ పెద్దల ఒత్తిడికి తలొగ్గి తప్పుకుంటే, ఆ చోటు పోలండ్ క్లబ్ గ్వార్డియా వార్సాకు దక్కింది. అందరూ ఆడాల్సింది మొదటి రౌండే.

మరుసటి ఏడాది 22 జట్లు వచ్చాయి. చిక్కు అక్కడ మొదలైంది. ఓడినవాడు ఇంటికి పోయే పోటీ సాఫీగా సాగాలంటే జట్లు 8, 16, 32 ఇలా ఉండాలి. సోలాపూర్ నీలం నగర్‌లో గణపతి నవరాత్రులకు కబడ్డీ పోటీ పెట్టినా ఇదే లెక్క. 22ను 16కు దించాలంటే ఆరు జట్లు ముందే పోవాలి. అందుకని 12 జట్లతో ఆరు జోడీల ప్రిలిమినరీ రౌండ్ పెట్టి, మిగతా పది జట్లకు బై, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌లో చోటు ఇచ్చారు. కప్పు చేతిలో ఉన్న రియల్ మాడ్రిడ్ ఆ పదింటిలో ఒకటి. అర్హత రౌండ్ల వంశవృక్షానికి ఈ 1956 నాటి కూడిక తీసివేతే మూలం.

ఆ రౌండ్‌లో ఆడినవన్నీ చిన్న జట్లేమీ కావు. మాంచెస్టర్ యునైటెడ్ బెల్జియం క్లబ్ ఆండర్లెక్ట్‌ను వాళ్ల ఊళ్లో 2-0తో ఓడించి, సెప్టెంబర్ 26న ఇంగ్లండ్‌లో 10-0తో చిత్తు చేసింది. డెనిస్ వయలెట్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రాత్రి ఆటకు ఫ్లడ్‌లైట్లు లేక, యునైటెడ్ ఆ మ్యాచ్‌ను పక్కింటి మాంచెస్టర్ సిటీ మైదానం మెయిన్ రోడ్‌లో ఆడింది.

తర్వాత చాలా ఏళ్లు ప్రిలిమినరీ రౌండ్ అవసరమైనప్పుడు వచ్చి, లేనప్పుడు పోయింది. దాన్ని తిరిగి పట్టుకొచ్చింది మారిన దేశపటం. సోవియట్ యూనియన్, యుగోస్లావియా ముక్కలయ్యాక 1992-93లో ఎస్టోనియా, లాత్వియా, ఉక్రెయిన్, స్లొవేనియా విజేతలు కొత్త జెండాలతో వచ్చి ప్రిలిమినరీలో నిలబడ్డారు. ఉక్రెయిన్ తొలి విజేత తావ్రియా సింఫెరోపోల్ ఐర్లండ్ క్లబ్ షెల్‌బోర్న్‌ను 1-0తో దాటింది. పోటీకి ఛాంపియన్స్ లీగ్ అన్న పేరు వచ్చింది కూడా ఆ ఏడాదే.

1994-95లో గడప ఎత్తు పెరిగింది. 24 జట్లకే చోటు. ఎనిమిదింటికి నేరుగా ప్రవేశం, 16 జట్లకు అర్హత రౌండ్. మిగిలిన దేశాల విజేతలను రెండో మెట్టు పోటీ యూఈఎఫ్‌ఏ కప్‌కు పంపేశారు. సొంత దేశంలో లీగ్ గెలిచిన జట్టుకు విజేతల పోటీలో చోటు లేకుండా చేయడం ఈ చరిత్రలో అన్నిటికన్నా మొరటు నిర్ణయం. 1997లో ఆ తప్పు దిద్దారు కానీ, అదే చేత్తో ఎనిమిది పెద్ద లీగ్‌ల రెండో స్థానం జట్లనూ లోపలికి తెచ్చారు. అర్హత రౌండ్లు రెండయ్యాయి. 1999లో ఒక దేశం నుంచి నాలుగు క్లబ్బుల దాకా రావచ్చన్నారు, రౌండ్లు మూడయ్యాయి. టీవీ డబ్బు పెద్ద లీగ్‌ల వైపు మొగ్గేకొద్దీ చిన్న దేశాల విజేతలకు మెట్లు పెరిగాయి. ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో గత అయిదేళ్ల ఫలితాలతో కట్టే కోఎఫిషియంట్ తేలుస్తుంది.

ఈ ఏర్పాటు ఒకసారి పెద్దవాళ్లకూ తగిలింది. 2005 మేలో ఇస్తాంబుల్‌లో కప్పు గెలిచిన లివర్‌పూల్ సొంత లీగ్‌లో అయిదో స్థానంలో మిగిలింది. చివరికి అనుమతైతే దొరికింది గానీ మొట్టమొదటి అర్హత రౌండ్ నుంచి ఆడమన్నారు. కప్పు ఎత్తి ఏడు వారాలు తిరిగాయో లేదో, జూలై 13న వేల్స్ క్లబ్ టీఎన్ఎస్‌తో మ్యాచ్. కెప్టెన్ స్టీవెన్ జెరార్డే మూడు గోల్స్ కొట్టాడు.

2009లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ అధ్యక్షుడు మిషెల్ ప్లాటినీ హయాంలో దారి రెండుగా చీలింది. లీగ్ విజేతలు విజేతలతోనే, రెండు, మూడు, నాలుగు స్థానాల వాళ్లు తమలో తామే తేల్చుకోవాలి. ఆఖరి మెట్టుకు ప్లే-ఆఫ్ అని పేరు పెట్టారు. సైప్రస్ క్లబ్ అపోయెల్, హంగరీ క్లబ్ డెబ్రెట్సెన్ ఆ ఏడాదే ప్రధాన పోటీ గ్రూపు దశకు చేరాయి.

మైదానంలో గెలిచి కాగితం మీద ఓడిన జట్టూ ఉంది. 2014లో పోలండ్ క్లబ్ లెగియా వార్సా మూడో అర్హత రౌండ్‌లో స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్‌ను 4-1, 2-0తో ఓడించింది. రెండో మ్యాచ్ చివరి నిమిషాల్లో బెరెషిన్‌స్కీ అనే డిఫెండర్‌ను దింపింది. అతని మీద మూడు మ్యాచ్‌ల నిషేధం ఉంది, మూడూ అయిపోయాయని క్లబ్ లెక్క. కానీ అంతకుముందు రౌండ్ రెండు మ్యాచ్‌లకు పంపిన ఆటగాళ్ల జాబితాలో అతని పేరు రాయలేదు. పేరు లేనివాడు నిషేధం అనుభవించినట్టు కాదు. యూఈఎఫ్‌ఏ రెండో మ్యాచ్‌ను సెల్టిక్‌కు 3-0గా రాసింది. మొత్తం 4-4. ఎదుటివాడి మైదానంలో కొట్టిన గోల్‌కు విలువెక్కువ అన్న నియమంతో సెల్టిక్ ముందుకెళ్లి, తర్వాతి రౌండ్‌లోనే స్లొవేనియా క్లబ్ మారిబోర్ చేతిలో ఓడింది. ఆ నియమాన్ని 2021లో ఎత్తేశారు.

2018లో నాలుగు పెద్ద లీగ్‌లకు తలా నాలుగు నేరు చోట్లు రాసిచ్చాక, ప్రధాన పోటీ 32 చోట్లలో అర్హత రౌండ్లకు మిగిలినవి ఆరే. అట్టడుగున నలుగురు విజేతలకు కొత్తగా ఒక ప్రిలిమినరీ పెట్టారు. ఆ జూన్‌లో జిబ్రాల్టర్‌లో దాన్ని గెలిచింది కొసావో క్లబ్ ద్రిటా. అంత కింది నుంచి కాకపోయినా, 2021లో మాల్డోవా విజేత షెరిఫ్ తిరాస్పోల్ మొదటి రౌండ్‌లో మొదలుపెట్టి నాలుగు మెట్లెక్కింది, సెప్టెంబర్ 28న మాడ్రిడ్‌లోనే రియల్‌ను 2-1తో ఓడించింది. 2024 నుంచి ప్రధాన పోటీలో 36 జట్లు. అర్హత రౌండ్ల దారిన వచ్చేవి ఏడు: విజేతల దారిలో అయిదు, రెండో దారిలో రెండు. అట్టడుగు ప్రిలిమినరీని తీసేశారు.

ఆసియా పోటీల్లోనూ ఇవే మెట్లున్నాయి. తెలుగు క్లబ్ ఒకటి వాటి మొదట్లోనే జారింది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2023 మే 3న ఏఎఫ్‌సీ కప్ అర్హత కోసం కోళికోడ్‌లో మోహన్ బగాన్‌తో ఆడి 1-3తో ఓడింది. గెలిచిన మోహన్ బగాన్ ఆగస్టులో నేపాల్ క్లబ్ మచ్ఛీంద్రను, ఢాకా క్లబ్ అబాహనీని కూడా అదే 3-1తో ఓడించి గ్రూపు దశకు వెళ్లింది.