రెండు డోర్ల పికప్‌కి పెద్ద ఇంజన్ ఎందుకు ఇవ్వరు?

ముందు మీ ఫోన్‌లో ఒక పని చేయండి. అమెరికాలో అమ్మే షెవర్లే సిల్వరాడో 1500 వెబ్‌సైట్ ఓపెన్ చేసి, మనకి నచ్చినట్టు ట్రక్ సెట్ చేసుకునే పేజీకి వెళ్లండి. అక్కడ రెగ్యులర్ క్యాబ్ నొక్కండి. రెగ్యులర్ క్యాబ్ అంటే రెండు డోర్లు, ఒకే వరస సీటు. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు మోసుకెళ్లే బొలెరో పికప్ ఉంటుంది కదా, అలాంటిదే, కాకపోతే సైజు పెద్దది. అది నొక్కితే 6.2 లీటర్ల వీ8 దొరకదు. ఫోర్డ్ ఎఫ్-150లో అదే చేస్తే హైబ్రిడ్ దొరకదు. ర్యామ్ 1500లో అయితే 2019లో వచ్చిన కొత్త మోడల్‌కి అసలు రెగ్యులర్ క్యాబే లేదు. టొయోటా టండ్రాలో కూడా తీసేశారు.

చిన్న ట్రక్ కాబట్టి చిన్న ఇంజన్ ఇస్తారులే అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా. హిస్టరీ చూస్తే మాత్రం సీన్ రివర్స్.

1925లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీకి ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించి 281 డాలర్లకి అమ్మింది. పవర్ 20 హార్స్‌పవర్. ఆ తర్వాత చాలా ఏళ్లు పికప్ అంటే ఒక వరస సీటే. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు ట్రావెలెట్ అని, పనివాళ్లందరూ కూర్చునే పెద్ద క్యాబ్ తెచ్చారు. దానికి మూడే డోర్లు! 1973లో డాడ్జ్ క్లబ్ క్యాబ్, 1974లో ఫోర్డ్ సూపర్‌క్యాబ్ వచ్చాయి. ఇవన్నీ ఉన్నా అప్పటికి రాజు మాత్రం రెగ్యులర్ క్యాబే. 80లలో ఎఫ్-150లో లారియట్ లాంటి ఖరీదైన ట్రిమ్ కూడా రెండు డోర్లలో దొరికేది.

స్పీడ్ సంగతి చూడండి. 1978లో డాడ్జ్ లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్. క్యాబ్ వెనక లారీకి ఉన్నట్టు నిలువుగా రెండు సైలెన్సర్ గొట్టాలు. అప్పట్లో 6000 పౌండ్ల జీవీడబ్ల్యూ రేటింగ్ దాటిన ట్రక్కులకి పొల్యూషన్ రూల్స్ కొంచెం లూజు. కార్లకి తప్పనిసరైన క్యాటలిటిక్ కన్వర్టర్ దీనికి అక్కర్లేదు. ఆ సందులోంచి దూరి 5.9 లీటర్ల వీ8 పెట్టేశారు. 1990లో షెవర్లే 454 ఎస్ఎస్, 7.4 లీటర్లు. 1991లో నా ఫేవరెట్, జీఎంసీ సైక్లోన్. టర్బో వీ6, 280 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ పవర్. కార్ అండ్ డ్రైవర్ పత్రిక దీన్ని ఫెరారీ 348తో క్వార్టర్ మైల్ పరిగెత్తిస్తే పికప్పే గెలిచింది. మోసే బరువు మాత్రం 500 పౌండ్లే. అంటే మిర్చి టిక్కీలు ఐదారు వేస్తే చాలు, ఫుల్ అన్నమాట.

2004లో డాడ్జ్ ర్యామ్ ఎస్ఆర్‌టీ-10కి వైపర్ కారులోని 8.3 లీటర్ల వీ10 పెట్టారు. 500 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్‌బాక్స్, రెండు డోర్లు. కథ మలుపు తిరిగింది కూడా దీంతోనే. మరుసటి ఏడాదే అదే ఇంజన్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో నాలుగు డోర్ల క్యాబ్‌లోనూ పెట్టారు. 2010లో వచ్చిన ఫోర్డ్ రాప్టర్‌కి రెగ్యులర్ క్యాబ్ ఎప్పుడూ రాలేదు. 2021 ర్యామ్ టీఆర్ఎక్స్‌కి 702 హార్స్‌పవర్, క్రూ క్యాబ్ మాత్రమే.

ఏం మారింది? కొనేవాళ్లు మారారు. ట్రక్ ఇంట్లో మెయిన్ కార్ అయిపోయింది. వెనక చైల్డ్ సీట్ పట్టాలి. లెదర్, పెద్ద స్క్రీన్ కావాలి. పెద్ద ఇంజన్‌ని ఆ ఖరీదైన ట్రిమ్‌కి కట్టేశారు, ఆ ట్రిమ్‌ని రెండు డోర్లకి ఇవ్వడం మానేశారు. తాళం వేసింది ట్రిమ్ దగ్గర, ఇంజన్ దగ్గర కాదు.

రెండోది నా పాత ఉద్యోగంలో రోజూ చూసిన తలనొప్పి. మూడు క్యాబ్‌లు, మూడు తొట్టి సైజులు, ఐదు ఇంజన్లు, రెండు డ్రైవ్‌లు అనుకోండి. 90 కాంబినేషన్లు! క్యాబ్ మారితే పొడవు మారుతుంది, డ్రైవ్‌షాఫ్ట్ మారుతుంది, బరువు మారుతుంది, టెస్టింగ్ మళ్లీ మొదలు. తక్కువ అమ్ముడయ్యేవి కోసేస్తారు. మేమూ యాప్‌లో అదే చేసేవాళ్లం. యూజర్లు తక్కువ ఉన్న పాత ఆండ్రాయిడ్ వెర్షన్లకి సపోర్ట్ తీసేసేవాళ్లం. ఆ యూజర్లు ఎక్కువగా చవక ఫోన్ వాడేవాళ్లే అని అప్పట్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు, నిజం చెప్తున్నా.

మైలేజీ రూల్ వల్లే అంతా అని కొందరు అంటారు. 2011 మోడల్స్ నుంచి అమెరికాలో బండి పొడవు, వెడల్పు బట్టి మైలేజీ టార్గెట్ ఉంటుంది. చిన్న బండికి టార్గెట్ కఠినం. కొంతవరకు నిజమే, కానీ నాకు పూర్తిగా నమ్మకం లేదు. ఎఫ్-150లో 8 అడుగుల తొట్టి ఉన్న రెగ్యులర్ క్యాబ్ వీల్‌బేస్ దాదాపు 141 అంగుళాలు. చిన్న తొట్టితో వచ్చే నాలుగు డోర్లది 145. పెద్ద తేడా ఏం ఉంది?

ఇంకో సాక్ష్యం హెవీ డ్యూటీ ట్రక్కులు. ఫోర్డ్ సూపర్ డ్యూటీ రెగ్యులర్ క్యాబ్‌లో 6.7 లీటర్ల డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్ రెండూ దొరుకుతాయి. ఎందుకంటే కరెంటు కంపెనీలు, కాంట్రాక్టర్లు వాటిని గుంపుగా కొంటారు. అంటే పెట్టలేక కాదు, అడిగేవాళ్లకి ఇస్తున్నారు. నలిగిపోయేది మధ్యలో ఒక్క బండి కొనేవాడు. కంచెలు వేసేవాడు, గుర్రాల ట్రెయిలర్ లాగే చిన్న రైతు. వాడికి పొడవు తొట్టి, చవక సీటు, గట్టి ఇంజన్ కావాలి. కానీ గట్టి ఇంజన్ కోసం లెదర్ సీటు డబ్బులు కూడా కట్టాలి.

స్పీడ్ పిచ్చోళ్లు మాత్రం వేరే దారి వెతుక్కున్నారు. ఎఫ్-150 రెగ్యులర్ క్యాబ్‌లో 5.0 లీటర్ల వీ8 ఇంకా మిగిలి ఉంది కదా. అన్నిటికంటే చవకైన ఎక్స్ఎల్ ట్రిమ్ తీసుకుని, దానికి సూపర్‌చార్జర్ బిగించి అమ్మే డీలర్లు ఉన్నారు. ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ విభాగమే 700 హార్స్‌పవర్ కిట్ తెచ్చింది. స్టీల్ చక్రాలు, రెండు డోర్లు, మామూలు గుడ్డ సీటు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగితే పనిబండి అనుకుంటారు.