ఋతువు నెఱిగిన వేట

ఉత్తర అమెరికా తూర్పు తీరమున 'స్ట్రైప్డ్ బాస్' అను చారల చేప కలదు. వసంతమున నిది సముద్రమును వీడి, చెసపీక్ అఖాతమున గలియు నదులలోనికిని, హడ్సన్ నదిలోనికిని ఎదురీది, మంచినీట గ్రుడ్లు పెట్టును. పిదప పెద్ద చేపలు ఉత్తరముగా న్యూ ఇంగ్లండు తీరమునకు పోయి, వేసవి యచట గడిపి, శరత్కాలమున దక్షిణమునకు మరలును.

ఈ రాకపోకలను కనిపెట్టుటయే ఆ వేటకు మూలము. 1634లో అచ్చైన తన గ్రంథమున విలియం వుడ్ అను ఆంగ్లేయుడు నాటి పద్ధతులను వర్ణించెను. లావుపాటి గాలపుత్రాటికి లాబ్‌స్టర్ ముక్కను కట్టి విసరుట యొకటి. పోటు నిండిన వేళ ఏటిపాయకు అడ్డముగా పొడవైన వల పన్నుట మఱియొకటి. నీరు తీయగానే చేపలు పొడినేలపై మిగిలెడివి. ఒక్కొక్కమారు రెండు మూడు వేలు చిక్కెడివట!

అంతటి సమృద్ధిని చూచి జనులు వానిని పొలములకు ఎరువుగా వేసిరి. 1639లోనే మసాచుసెట్స్ వలసరాజ్యపు శాసనసభ దానిని నిషేధించెను. అయినను వేట పెరుగుచునే వచ్చెను. 1970వ దశాబ్ది చివరకు ఈ చేప మిక్కిలి క్షీణించెను. 1984లో అమెరికా కాంగ్రెసు రక్షణ శాసనము చేసెను. 1985 మొదలు 1990 వరకు మేరీలాండ్ రాష్ట్రము ఈ వేటను పూర్తిగా నిలిపివేసెను. 1995లో సంతతి కోలుకొన్నట్లు ప్రకటించిరి. 2019లో మరల అతివేట జరిగినట్లు తేలగా నియమములను బిగించిరి.

చేప ఎప్పుడు ఎచ్చటికి వచ్చునో తెలిసినవానికి వల నింపుట సులభము. గ్రుడ్లు పెట్టు కాలమున వలను ఒడ్డున నుంచుటకును ఆ తెలివియే దారి చూపవలెను. నాలుగు శతాబ్దులకు చేరువైన ఈ చరిత్ర చెప్పునది ఇదియే.