పది పుట్టి, ఒక్కటే ఎదిగే జీడిపువ్వు

జనవరిలో పలాస నుంచి మందస, వజ్రపుకొత్తూరు వైపు వెళ్తే జీడితోటలు పూతమీద ఉంటాయి. ఒక పువ్వు తుంచి అరచేతిలో పెట్టుకుని చూడండి. వెనక్కి ముడుచుకున్న ఐదు సన్నని రేకలు, వాటిమీద ఎర్రటి చారలు, నడుమ బయటికి పొడుచుకొచ్చిన ఒక్క పొడవాటి కేసరం. రేకలు విడదీస్తే అడుగున ఎనిమిదో తొమ్మిదో పొట్టి కేసరాలు కనిపిస్తాయి. పుప్పొడి పని చాలావరకు ఆ పొడుగుదానిదే.

కేసరం పువ్వులోని మగ భాగమని ప్రయోగంతో తేల్చినవాడు జర్మనీకి చెందిన కామెరారియస్. ఆముదం మొక్కల్లో మగపూలు విచ్చకముందే తుంచేసి చూశాడు. గింజ కట్టలేదు. 1694లో ఆ సంగతి ప్రకటించాడు. 1735లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఇంకో అడుగు వేసి, కేసరాల లెక్కనుబట్టి పూలమొక్కలను తరగతులుగా విడగొట్టాడు. ఆ లెక్కను మన కోస్తాకు తెచ్చినవాళ్లలో ఆయన శిష్యుడు కోనిగ్ ఒకడు. 1785లో కాకినాడలో కన్నుమూశాడు. తర్వాత సామర్లకోటలో రాక్స్‌బర్గ్ ఆ పని కొనసాగించాడు.

లెక్క సులువే, కానీ దగ్గరి చుట్టాలను విడదీసింది. 1753 నాటి పుస్తకంలో లినేయస్ మామిడిని ఐదు కేసరాల తరగతిలో, జీడిని పది కేసరాల తరగతిలో పెట్టాడు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో పక్కపక్కనే పెరిగే ఈ రెండూ ఒకే కుటుంబమని తర్వాతివాళ్లు గుర్తించారు.

అసలు ఈ సంఖ్య ఎలా ఏర్పడుతుంది? విచ్చిన పువ్వును ఎంత లెక్కపెట్టినా తెలియదు. ఫ్రాన్స్‌లో పాయెర్ అందుకే మొగ్గలను, అవీ కంటికి ఆననంత లేతవాటిని, సూక్ష్మదర్శిని కింద కోసి చూశాడు. 1857లో వచ్చిన ఆయన గ్రంథం నిండా ఆ బొమ్మలే. మందార కుటుంబంలో మొదట మొలిచేవి ఐదు బుడిపెలే. అవి చీలి, మళ్లీ చీలి, గొట్టం చుట్టూ అన్ని కేసరాలవుతాయి.

ఆ బుడిపె కేసరమే కావాలని చెప్పేదెవరు? ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క, దాంతోపాటు స్నాప్‌డ్రాగన్ పువ్వు జవాబిచ్చాయి. 1991లో కోయెన్, మేయరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సూత్రం ప్రకారం రెండు రకాల జన్యువులు కలిసి పనిచేస్తేనే కేసరం వస్తుంది. అందులో ఒకానొక రకం చెడితే కేసరాల చోట రేకలు పుడతాయి. చాలా ముద్దపూల వెనక ఉన్నది ఇలాంటి మార్పే. ఆ రోజుల్లోనే సూపర్‌మ్యాన్ అని పేరుపెట్టిన జన్యువూ బయటపడింది. అది పాడైతే ఆరు కేసరాలు ఉండాల్సిన అరబిడాప్సిస్ పువ్వులో ఇంకా చాలా పుట్టుకొస్తాయి, నడుమ అండాశయం సరిగా ఎదగదు. కేసరాలు ఎక్కడ ఆగాలో కూడా మొక్క నిర్ణయించుకోవాలన్నమాట.

మళ్లీ మన తోటకు వస్తే, జీడిలాగే మామిడిపువ్వులోనూ ఐదింటిలో సాధారణంగా ఒక్కటే పనికొచ్చే కేసరం, మిగతావి గిడసబారతాయి. లినేయస్ లెక్క విడదీసిన చుట్టరికం ఈ ఎదుగుదల తీరులో స్పష్టంగా కనిపిస్తోంది. నా దృష్టిలో ఎన్ని పుట్టాయన్నదానికంటే ఎన్ని ఎదిగాయన్నదే పెద్ద ప్రశ్న.

పలాస, టెక్కలి బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు ఒక మనవి. పువ్వు పాఠాన్ని పూతల కాలానికి జరపండి. పిల్లలచేత ఒక జీడి రెమ్మ, ఒక మామిడి రెమ్మ తెప్పించి, భూతద్దం చేతికివ్వండి.