శాలిహుండం మెట్లు, గిడుగు వారి చెవులు

విదేశాల్లో ఉన్న పిల్లల వద్దకు వెళ్లివచ్చిన మన జిల్లా పెద్దలు కొందరు ఈ మధ్య ఇటలీ, గ్రీసు దేశాలలో చేసిన కాలినడక యాత్రల గురించి చెబుతున్నారు. ఒకపక్క సముద్రం, మరోపక్క కొండ, దారి పొడవునా ఆలివ్ తోటలు, పాత రాళ్ల కట్టడాలు, ఉదయం బయలుదేరి సాయంత్రానికి బసకు చేరుకోవడం. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే అటువంటి నడకకు కావలసినవన్నీ శ్రీకాకుళం పట్టణానికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పాఠకులారా, మీలో ఎందరు శాలిహుండం కొండ ఎక్కారు?

గార మండలంలో, వంశధారకు దక్షిణపు ఒడ్డున ఉన్న చిన్న కొండ అది. ఆలివ్ చెట్ల స్థానంలో తాటిచెట్లు, జీడితోటలు ఉంటాయి. మెట్ల దారి వెంబడి నింపాదిగా ఎక్కితే పైన ఇటుక స్తూపాలు, చైత్యగృహాల పునాదులు కనిపిస్తాయి. వెనుదిరిగి చూస్తే కింద వంశధార, తూర్పున ఆ నది సముద్రంలో కలిసే కళింగపట్నం. ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన రేవు అది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటి నుండి క్రీస్తుశకం పన్నెండో శతాబ్దం వరకు, అంటే ఇంచుమించు పధ్నాలుగు వందల ఏళ్లు ఈ కొండమీద బౌద్ధం నిలిచింది. థేరవాదం, మహాయానం, వజ్రయానం ఒకదాని తరువాత ఒకటి ఇక్కడ తమ గుర్తులు వదిలివెళ్లాయి. అక్కడి ప్రదర్శనశాలలో తార, మారీచి విగ్రహాలు చూడవచ్చు. జలభయంతో సహా ఎనిమిది మహాభయాల నుండి కాపాడే తల్లిగా బౌద్ధులు తారను కొలిచేవారు. ఓడరేవు పక్కనున్న కొండమీద ఆమె విగ్రహం ఉండడంలో ఆశ్చర్యమేముంది?

వైద్యుడిగా నన్ను ఆకర్షించేది ఆ భిక్షువుల దినచర్య. ఉదయాన్నే కొండ దిగి గ్రామాలలో భిక్ష స్వీకరించి, మధ్యాహ్నంలోపే భోజనం ముగించేవారు. ఆ తరువాత ఘనాహారం ముట్టకూడదన్నది వినయ నియమం. ఒక నిర్ణీత బాటలో అటూ ఇటూ నెమ్మదిగా నడిచే చంక్రమణం వారి సాధనలో భాగం. బుద్ధుడు చంక్రమణానికి ఐదు ప్రయోజనాలు చెప్పినట్లు అంగుత్తర నికాయంలో ఉంది. ప్రయాణానికి శరీరం అలవాటుపడడం, శ్రమకు ఓర్పు కలగడం, రోగం తగ్గి ఉండడం, తిన్నది చక్కగా జీర్ణం కావడం, మనసు కుదురు ఎక్కువసేపు నిలవడం. భోజనం చేసిన వెంటనే కుర్చీలో కూలబడవద్దని, పది పదిహేను నిమిషాలైనా నడవమని నేను మధుమేహ రోగులకు చెబితే అదేదో కొత్త సిద్ధాంతమని అనుకుంటారు. నాలుగో ప్రయోజనం దాదాపు అదే.

ఈ కొండమీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో గుర్తించిన వ్యక్తి పురావస్తు అధికారి కాదు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మాత్రమే మనం ఆయనను తలచుకుంటాం. 1863 ఆగస్టు 29న ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార తీరానిదే, ముఖలింగం దగ్గరి పల్లె. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ముఖలింగం ఆలయంలోని తూర్పు గంగరాజుల శాసనాలు చదవడానికి ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకున్నారు. ఎక్కడ పాత రాయి కనిపించినా ఆగి చూసే మనిషికి శాలిహుండం కంటపడకుండా ఎలా ఉంటుంది?

ఆయన నడకలలో ప్రధానమైనది మాత్రం కొండల వైపు సాగింది. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలోని సవరల భాషకు అప్పటికి నిఘంటువు గాని, వ్యాకరణం గాని లేవు. తెలుగు వచ్చిన సవర ఒకరిని ఇంట ఉంచుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి, తరువాత సవర గూడేలకు స్వయంగా తిరిగారు. సవర పిల్లల కోసం వారి భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. గొంతులో టక్కున ఆగి పలికే ధ్వనులున్న భాష అది. చెవి ఎంతో చురుకుగా ఉంటే తప్ప పట్టుకోలేం.

ఆ తిరుగుళ్లలోనే ఆయనకు మన్యపు జ్వరం సోకింది. ఆనాటికి దానికి ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. ఆ మందు వాడకంతో జ్వరం లొంగింది గాని, వినికిడి పోయింది.

ఇది వైద్యశాస్త్రానికి బాగా తెలిసిన దుష్ఫలితమే. సింకోనా చెట్టు బెరడు నుండి 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్తియే, కవాంతూ వేరుచేసిన క్వినైన్ మోతాదు పెరిగితే మొదట చెవుల్లో హోరు, తరువాత తలతిరుగుడు, చూపు మసకబారడం, వినికిడి తగ్గడం కనిపిస్తాయి. చాలామందిలో మందు ఆపితే ఇవి సర్దుకుంటాయి. కొందరిలో సర్దుకోవు. ధ్వనులను పట్టి రాయడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం కంటే పెద్ద దెబ్బ లేదు. అయినా ఆయన సవర పని వదలలేదు. సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. 1940 జనవరిలో ఆయన మరణించారు. ప్రజల నోటి మాటను పుస్తకంలోకి తేవాలని జీవితాంతం పోరాడిన వ్యక్తి, ఆ మాటను సరిగా వినలేని స్థితిలోనే ఆ పోరాటంలో చాలా భాగం సాగించారని ఆగస్టు 29 సభల్లో ఎవరూ ప్రస్తావించగా నేను వినలేదు.

గిడుగు వారు కొండలలో తిరగడం మొదలుపెట్టిన నాటికి ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని ఎవరికీ రూఢిగా తెలియదు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినది 1897 ఆగస్టు 20న. అంతకుముందు కొండగాలి, చిత్తడినేల గాలి దోషమనే అనుకునేవారు. మలేరియా అన్న మాటే ఇటాలియన్ భాషలో ‘చెడు గాలి’ అని అర్థమిచ్చే పదం. మన పెద్దలు ఫోటోలు తీసుకుని వచ్చిన ఆ ఇటలీ మైదానాలలోనే ఆ మాట పుట్టింది. రోము నగరం చుట్టూ ఉన్న పొలాలలో వేసవి రాత్రి గడపడం ప్రాణాపాయమని యాత్రికులను హెచ్చరించేవారు. టస్కనీలో నేడు నడకలకు ప్రసిద్ధమైన మరెమ్మా తీరప్రాంతంలో గ్రొస్సెటో పట్టణపు కచేరీలు పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా ప్రతి వేసవిలోనూ కాగితాలతో సహా కొండమీది స్కన్సానో అనే ఊరికి తరలిపోయేవి. ఇటలీ ప్రభుత్వం 1900లో చట్టం చేసి పొగాకు దుకాణాలలో సైతం క్వినైన్ చవకగా అమ్మించింది. చిత్తడినేలలు ఎండగట్టి, డి.డి.టి. చల్లి, చివరకు 1970లో మలేరియా లేని దేశమనిపించుకుంది. ఆ దారులలో నేడు మనవాళ్లు నిశ్చింతగా నడుస్తున్నారంటే దాని వెనుక డెబ్బై ఏళ్ల ప్రజారోగ్య శ్రమ ఉన్నది. ప్రకృతి సౌందర్యం అంతకుముందు కూడా అంతే ఉంది.

మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, మైదానాలలో జ్వరాన్ని బాగా తగ్గించింది. కాని మన్యంలో, ముఖ్యంగా వానల కాలం నుండి చలికాలం వరకు, అది నేటికీ ఉన్నది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు జలపాతాలు చూడడానికి, కొండలు ఎక్కడానికి వెళ్లే యువకులు ఈ ఏళ్లలో బాగా పెరిగారు. సంతోషమే. వారిలో ఎంతమందికి రాత్రి బసలో దోమతెర కట్టుకోవాలని తోస్తుంది? (ఆ మండలాలు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. దోమకు ఈ సంగతి తెలియదు.)

రెండో ప్రమాదం ఎండ. 2024 జూన్‌లో బ్రిటిష్ వైద్యుడు మైఖేల్ మోస్లీ గ్రీసులోని సీమీ ద్వీపంలో మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నడకకు బయలుదేరి తిరిగి రాలేదు. నాలుగు రోజులకు శవం దొరికింది. వయసు 67. ఆరోగ్యం గురించి లక్షలాది మందికి టెలివిజన్‌లో చెప్పినవాడు. మరణకారణం ఖచ్చితంగా తేలలేదు గాని, వడదెబ్బ అయి ఉండవచ్చునని విచారణాధికారి అభిప్రాయపడ్డారు. మన తీరంలో ఎండకు తోడు ఉక్క కూడా ఎక్కువ. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అరవై దాటినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవారికి ప్రమాదం మరింత. అందుచేత శాలిహుండానికైనా, విజయనగరం దగ్గరి రామతీర్థంలో బౌద్ధారామాలున్న గురుభక్తులకొండకైనా కార్తీకం నుండి మాఘం వరకు, తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నర లోపల కిందికి దిగేటట్లు వెళ్లండి. మనిషికి రెండు లీటర్ల నీరు, ఓ.ఆర్.ఎస్. పొట్లం, లేదా ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకోండి. తోటివాడు తడబడి మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లు చల్లి విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కొండ దిగాక మోకాళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ మాత్ర మింగడం మరో అలవాటు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్ర మూత్రపిండాలపై నేరుగా దెబ్బ తీస్తుంది. ఉద్దానం మూత్రపిండ వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు గాని, ఎండలో శ్రమ, నీటికొరత, నొప్పిమాత్రలు పరిశోధకుల అనుమానాల జాబితాలో ఉన్నాయి. మన జిల్లావాళ్లం ఈ విషయంలో మిగతావారి కంటే జాగ్రత్తగా ఉండాలి. వేడినీటి కాపడం చాలు, తప్పదంటే పారాసెటమాల్ వాడండి.

మన్యం నుండి తిరిగివచ్చిన నెలరోజులలో ఎప్పుడు చలిజ్వరం వచ్చినా, వైరల్ అనుకుని ఇంట్లో పడుకోవద్దు. అదే రోజున ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి. వేలి నుండి తీసిన ఒక చుక్క రక్తంతో పావుగంటలో తేలిపోతుంది, ఖర్చు లేదు. ఫాల్సిపారం రకానికి నేడు ఆర్టెమిసినిన్ సమ్మేళన మాత్రలు మూడు రోజులు ఇస్తారు, అవి ఉచితమే. క్వినైన్ అవసరం ఇప్పుడు అరుదు. వైద్యుడు అడగకపోయినా, మీరు ఎక్కడెక్కడ నడిచి వచ్చారో, రాత్రి ఎక్కడ పడుకున్నారో మీరే చెప్పండి.