ఇంటి కంప్యూటర్‌కు కావాల్సిన సాఫ్ట్‌వేర్లు: క్రాక్ అక్కర్లేదు, ఉచితంగానే దొరుకుతాయి

పిల్లల ప్రాజెక్టులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, దుకాణం లెక్కలు, నికాహ్ ఫోటోలు... చాలా ఇళ్లలో ఇవన్నీ ఒకే డెస్క్‌టాప్‌లో ఉంటాయి. కొన్న రోజునే ఎవరో ఒకరు వచ్చి ‘క్రాక్’ సాఫ్ట్‌వేర్లు వేసి వెళ్తారు. క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ ఫైల్‌తో పాటు ఇంకేం లోపలికి వచ్చిందో ఎవరికీ తెలియదు. నిజానికి ఇంటి అవసరాలకు లైసెన్స్ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్లే సరిపోతాయి.

ముందు విండోస్ సంగతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు కానీ భద్రతా అప్‌డేట్లు రావు. ఇళ్లలో వాడేవారి కోసం ప్రకటించిన అదనపు అప్‌డేట్ల పథకం గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 చిప్ కావాలి. ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఉండాలి. ఇవి లేని పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయనక్కర్లేదు. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 4 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

లెటర్లు, లెక్కలు

లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి వచ్చింది. వర్డ్ పనికి రైటర్, ఎక్సెల్ పనికి కాల్క్, పవర్‌పాయింట్ పనికి ఇంప్రెస్ ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, ఆ ఫార్మాట్‌లోనే సేవ్ చేస్తుంది. పేజీ అమరిక అక్కడక్కడా కాస్త మారొచ్చు. అందుకే బయటికి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపడం మంచిది. నెల ఖర్చులు, చిన్న షాపు ఉద్దెర ఖాతాకు కాల్క్ చాలు.

ఉర్దూ, తెలుగు టైపింగ్

పాత ఇన్‌పేజ్ వెర్షన్లలో చేసిన ఉర్దూ ఫైల్ గానీ, అను ఫాంట్లలో చేసిన తెలుగు ఫైల్ గానీ ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అవి యూనికోడ్‌లో ఉండవు కాబట్టి. యూనికోడ్‌లో టైప్ చేస్తే అదే మ్యాటర్ మెయిల్‌లో, వాట్సాప్‌లో, ఎక్కడైనా చదవొచ్చు.

ఇందుకు విడిగా ఏమీ కొనక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి ఉర్దూ, తెలుగు భాషలు చేర్చుకోవాలి. తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా అందులోనే ఉంది. ఉర్దూ నస్తలీఖ్‌లో కనిపించాలంటే నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్ ఉచితం. తెలుగుకు మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉన్నాయి. లిబ్రేఆఫీస్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేస్తే, కుడి నుంచి ఎడమకు రాసే బటన్ వస్తుంది.

ఫోటోలు, వీడియోలు, నెట్

దరఖాస్తుల్లో ‘ఫోటో 50 కేబీ లోపు ఉండాలి’ అనగానే ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తాల్సిన పనిలేదు. బోస్నియాలో పుట్టిన ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో విడుదల చేసిన ఇర్ఫాన్‌వ్యూలో జేపీజీ సేవ్ చేసేటప్పుడు ఎన్ని కేబీలు కావాలో మనమే చెప్పొచ్చు. ఇంటి వాడకానికి ఇది ఉచితం, షాపుల్లో వాడాలంటే లైసెన్స్ కొనాలి. పీడీఎఫ్‌లు కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉంది.

వీఎల్‌సీ పారిస్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. పాత పెళ్లి డీవీడీ నుంచి ఫోన్ వీడియో దాకా దాదాపు అన్నీ ఆడిస్తుంది. జిప్, రార్ ఫైళ్లు విప్పడానికి 7-జిప్ చాలు. బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని, అందులో యూబ్లాక్ ఆరిజిన్ చేరిస్తే అడ్డమైన ప్రకటనలు చాలావరకు పోతాయి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పకుండా ఉండాలి. చిన్నపిల్లలకు బొమ్మలు గీయడానికి టక్స్ పెయింట్, ఆటల్లో చదువుకు జీకాంప్రీ బాగుంటాయి.

భద్రత, బ్యాకప్

యాంటీవైరస్‌గా విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది. అయితే అప్‌డేట్లు ఆపకూడదు. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. దెబ్బతిన్నవాళ్లలో అత్యధికులు ఆ అప్‌డేట్ వేసుకోనివాళ్లే.

పాస్‌వర్డ్‌లు డైరీలో రాసే బదులు కీపాస్‌లో దాచుకోవచ్చు. దాని అసలు పాస్‌వర్డ్ ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. మరిచిపోతే తెరిచే దారి లేదు.

అన్నిటికన్నా పెద్ద పని బ్యాకప్. హార్డ్ డిస్క్ పాడయ్యాక సర్టిఫికెట్ స్కాన్లు మళ్లీ తీయించుకోవచ్చు, పోయిన పెద్దవాళ్ల ఫోటోలు మళ్లీ రావు. ముఖ్యమైన ఫైళ్లు మూడు కాపీలు ఉండాలి. రెండు వేర్వేరు చోట్ల, అంటే కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి. మూడోది ఇంటి బయట, క్లౌడ్‌లో గానీ బంధువుల దగ్గర గానీ. కాపీ అయ్యాక బయటి డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి. తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ వదలదు.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు

పైన చెప్పిన ప్రతిదాన్నీ దాని సొంత సైట్ నుంచే తీసుకోవాలి. వెతికినప్పుడు పైన ‘స్పాన్సర్డ్’ అని కనిపించే లింకుల్లో నకిలీవి కూడా ఉంటాయి. అనుమానం ఉన్న ఫైల్‌ను తెరిచే ముందు వైరస్‌టోటల్ సైట్‌లో పెట్టి చూడొచ్చు. సొంత కాగితాలున్న ఫైళ్లను మాత్రం అందులో పెట్టొద్దు.

అన్నీ ఒకేరోజు చేయనక్కర్లేదు. ముందు బ్యాకప్ తీయండి, తర్వాత క్రాక్ సాఫ్ట్‌వేర్లు తీసేసి డిఫెండర్‌తో పూర్తి స్కాన్ చేయండి. స్కాన్‌లో ఏదైనా పట్టుబడితే విండోస్‌ను మళ్లీ కొత్తగా వేయించుకోవడమే క్షేమం. ఆ తర్వాత అవసరమైనవి ఒక్కొక్కటిగా వేసుకోండి.